పాలకుడి కేస్ షీట్

నేను చరిత్రకారుణ్ణి కాను, జనరల్ మెడిసిన్ డాక్టర్ని. వుహాన్‌లో ఎంబీబీఎస్ చదివే రోజుల్లో చైనా చరిత్ర పిచ్చి పట్టింది, ఇప్పటికీ వదల్లేదు. ఏ పుస్తకం తెరిచినా నా కళ్లు ముందు జబ్బుల మీదే పడతాయి. ఎవరికి ఏమైంది, ఎప్పుడు తెలిసింది, ఎవరికి చెప్పారు, ఎవరి దగ్గర దాచారు. వృత్తి దోషం అనుకోండి. కానీ చైనా విషయంలో ఈ అలవాటు బాగా పనికొచ్చింది. 1911 నుంచి అక్కడి రాజకీయాల్లో వచ్చిన పెద్ద మలుపులు చూడండి. చాలాచోట్ల ఒక మంచం, ఒక రోగి, నోరు మెదపని కొందరు డాక్టర్లు కనిపిస్తారు.

ఇది కాకతాళీయం కాదని నా అభిప్రాయం. చైనా చివరి రాజవంశమైన చింగ్ చక్రవర్తుల కాలంలో వారసుణ్ణి తేల్చడానికి ఒక ఏర్పాటు ఉండేది. చక్రవర్తి తనకు నచ్చిన కొడుకు పేరు రాసి, పెట్టెలో పెట్టి సీలు వేసి, బీజింగ్ రాజప్రాసాదంలో సింహాసనం పైన ఉండే ఫలకం వెనక దాచేవాడు. ఆయన పోయాక తెరిచి చూసేవాళ్లు. మంచిదో చెడ్డదో, అదొక పద్ధతి. రాజరికం పోయేనాటికి అదీ లేదు. దాని స్థానంలో వచ్చినవేవీ ప్రధాన భూభాగంలో ఎక్కువ కాలం నిలవలేదు. దాంతో కుర్చీలో ఉన్న మనిషి షుగరు, గుండె, కిడ్నీలు రాజకీయాలైపోయాయి.

రాజరికం చివరి ఘట్టంలోనే ఒక అనుమానాస్పద మరణం ఉంది. 1908 నవంబర్ 14న గ్వాంగ్‌షూ చక్రవర్తి చనిపోయాడు. వయసు 37. మర్నాడే, ఆయన్ని పదేళ్లు నిర్బంధంలో ఉంచిన రాజమాత సీషీ చనిపోయింది. వందేళ్ల తర్వాత, 2008లో, గ్వాంగ్‌షూ వెంట్రుకలను పరీక్షించిన నిపుణులు ఆర్సెనిక్ ప్రాణాంతక మోతాదులో ఉందని ప్రకటించారు. ఎవరు పెట్టారో ఆ పరీక్ష చెప్పదు. సీషీ పోతూ పోతూ మూడేళ్లు కూడా నిండని పుయీని సింహాసనం మీద కూర్చోబెట్టింది. మూడేళ్ల తర్వాత ఆ సింహాసనమే లేదు.

దాన్ని కూలదోసిన తిరుగుబాటు మొదలైంది వుహాన్‌లోనే, యాంగ్జీ నదికి ఇవతల ఒడ్డున ఉన్న వూచాంగ్‌లో. 1911 అక్టోబర్ 9న నదికి అవతలి ఒడ్డున హాంకౌలోని రష్యన్ల పేటలో విప్లవకారులు బాంబులు తయారు చేస్తుంటే ఒకటి పొరపాటున పేలింది. పోలీసులకు సభ్యుల జాబితాలు దొరికాయి. ఎలాగూ చస్తామని తెలిసిన సైనికులు మర్నాడు రాత్రి తిరగబడ్డారు. గవర్నర్ జనరల్ పారిపోయి నదిలో ఉన్న గన్‌బోటు ఎక్కాడు. అప్పటి సైనిక ప్రభుత్వం నడిచిన ఎర్ర ఇటుకల భవనం ఇప్పుడు మ్యూజియం. సెలవు రోజుల్లో నేను తెగ తిరిగిన చోటు అది. ముందు సన్ యట్‌సెన్ విగ్రహం ఉంటుంది. తిరుగుబాటు జరిగినప్పుడు ఆయన వూచాంగ్‌లో లేడు సరికదా, చైనాలోనే లేడు. అమెరికాలో డెన్వర్‌లో పేపర్లో చూసి తెలుసుకున్నాడు. అన్నట్టు సన్ కూడా డాక్టరే. 1892లో హాంకాంగ్‌లో పట్టా పుచ్చుకున్నాడు.

1912 జనవరి 1న నాన్‌జింగ్‌లో సన్ తాత్కాలిక అధ్యక్షుడయ్యాడు. ఫిబ్రవరి 12న ఆరేళ్ల పుయీ పేరు మీద పదవీత్యాగ ప్రకటన వచ్చింది. మర్నాడే సన్ రాజీనామా ఇచ్చి, కుర్చీని యువాన్ షికాయ్‌కి వదిలేశాడు. కారణం సింపుల్. ఉత్తరాన సైన్యం యువాన్ చేతిలో ఉంది, సన్ చేతిలో లేదు.

నాకు ఈ కథలో అందరికంటే ఆసక్తికరమైన పేషంట్ యువానే. ఎన్నికల్లో గెలిచిన సన్ పార్టీ కుమింటాంగ్ నాయకుడు సాంగ్ జియావోరెన్‌ను 1913 మార్చిలో షాంఘై రైల్వే స్టేషన్లో కాల్చి చంపారు. తర్వాత యువాన్ పార్లమెంటును మూసేశాడు. 1914 డిసెంబర్లో అధ్యక్ష ఎన్నికల చట్టం మార్చాడు. పదవీకాలం పదేళ్లు, ఎన్నిసార్లయినా ఉండొచ్చు. తర్వాత ఎవరనేది? అధ్యక్షుడే ముగ్గురి పేర్లు బంగారు పలక మీద రాసి, బంగారు పెట్టెలో పెట్టి, రాతి గదిలో దాస్తాడు! చక్రవర్తిని దించి చక్రవర్తి పెట్టెను మాత్రం ఉంచుకున్నారు.

మరుసటి ఏడు అదీ చాల్లేదు. 1915లో దేశమంతటా రాష్ట్రాల్లో ఎంపిక చేసిన 1,993 మంది ప్రతినిధులు రాజరికం కావాలా అన్న ప్రశ్నకు ఓటేశారు, డిసెంబర్లో లెక్క ప్రకటించారు. 1,993 మందీ కావాలన్నారు. ఒక్క ఓటూ వ్యతిరేకంగా పడలేదు. అంత ఏకగ్రీవంగా కోరిన చక్రవర్తి కోసం నిలబడినవాడు మాత్రం ఒక్కడూ లేడు. యున్నాన్‌లో ఆ నెలలోనే తిరుగుబాటు లేచింది, ఒక్కో రాష్ట్రం జారిపోయింది, మార్చి 22న యువాన్ రాజరికాన్ని రద్దు చేసుకున్నాడు. అప్పటికే కిడ్నీలు పాడవుతున్నాయి. ఇంగ్లిష్ వైద్యం చేయించాలని పెద్ద కొడుకు, నాటువైద్యమే మేలని రెండో కొడుకు పోట్లాడుకున్నారని ఇంట్లోవాళ్ల జ్ఞాపకాలు చెబుతాయి. ఇలాంటి కొడుకుల్ని నేను ఐసీయూ బయట రోజూ చూస్తాను. 1916 జూన్ 6న యురేమియాతో యువాన్ పోయాడు. బంగారు పెట్టె తెరిచారు. మూడు పేర్లున్నాయి: లీ యువాన్‌హాంగ్, దువాన్ చీరుయ్, షూ షిచాంగ్. లీ అధ్యక్షుడూ, దువాన్ ప్రధానీ అయ్యారు. ఏడాది తిరక్కుండానే వాళ్లిద్దరి గొడవలో జాంగ్ షున్ అనే జనరల్ దూరి, 1917 జులైలో పుయీని మళ్లీ సింహాసనం ఎక్కించాడు. అది పన్నెండు రోజుల ముచ్చట. ఆ తర్వాత పదేళ్లు ఎవడి సైన్యం వాడిది, ఎవడి రాష్ట్రం వాడిది. 1923లో చావో కున్ అనే సేనాధిపతి పార్లమెంటు సభ్యులకు తలా ఐదు వేల వెండి డాలర్ల చొప్పున ఇచ్చి అధ్యక్షుడయ్యాడు. బంగారు పెట్టె కంటే ఇది నయమనుకోవాలేమో, కనీసం ఓటు లెక్క ఉంది.

సన్ యట్‌సెన్ చివరి రోజుల గురించి చదివినప్పుడు మాత్రం నాకు నవ్వు రాదు. 1924 చివర్లో ఉత్తరాది సేనాధిపతులతో చర్చలకని బీజింగ్ వచ్చేసరికే ఆయన ఆరోగ్యం బాగా దెబ్బతింది. 1925 జనవరి 26న పెకింగ్ యూనియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో పొట్ట తెరిచి చూశారు. చేయగలిగింది ఏమీ లేదు. కాలేయ క్యాన్సర్ అని అప్పుడు రాశారు. పోస్ట్‌మార్టం నివేదికను ఈ కాలంలో మళ్లీ చదివిన నిపుణులు, అది గాల్ బ్లాడర్లో పుట్టి కాలేయానికి పాకిందని తేల్చారు. మార్చి 11న వీలునామా మీద సంతకం చేశాడు, 12న పోయాడు, 58 ఏళ్లకే. వీలునామాలో విప్లవం ఇంకా పూర్తి కాలేదని ఉంది, పార్టీని ఎవరు నడపాలో లేదు. ఆ వీలునామాను సిద్ధం చేసిన వాంగ్ జింగ్‌వై తానే వారసుణ్ణనుకున్నాడు. హు హాన్‌మిన్ కూడా అనుకున్నాడు. మూడో పెద్ద నాయకుడు లియావో జోంగ్‌కైని ఆగస్టులో కాల్చి చంపారు, ఆ కేసు నీడలో హు హాన్‌మిన్ దేశం విడిచి పోవాల్సి వచ్చింది. సన్ మంచం దగ్గర లేనివాడు, ఆ సమయంలో దక్షిణాన గ్వాంగ్‌దాంగ్‌లో సైన్యం నడుపుతున్నవాడు గెలిచాడు. ఆయన వాంపోవా సైనిక పాఠశాల అధిపతి చియాంగ్ కైషేక్.

1927 నుంచి 1949 దాకా జరిగింది తుపాకుల కథ. షాంఘైలో కమ్యూనిస్టుల ఊచకోత, లాంగ్ మార్చ్, జపాన్ దాడి, అంతర్యుద్ధం. నా కేస్ షీట్లో దీనికి పెద్దగా చోటు లేదు, ఒక్క ఉదయం తప్ప. 1936 డిసెంబర్ 12 తెల్లవారుజామున షీయాన్ దగ్గర సొంత జనరల్సే చియాంగ్‌ను పట్టుకోవడానికి వస్తే, రాత్రి దుస్తుల్లో, కట్టుడు పళ్లు కూడా వదిలేసి గోడ దూకి పారిపోయాడు. వెన్నుకు దెబ్బ తగిలింది. కొండ మీద దొరికాడు. కమ్యూనిస్టులతో యుద్ధం ఆపి జపాన్ మీదికి తిరగాలన్న ఒప్పందానికి దారి పడింది అక్కడే.

ఇక మావో. మళ్లీ వుహాన్‌కే రావాలి. 1958 డిసెంబర్లో వూచాంగ్‌లో జరిగిన పార్టీ కేంద్ర కమిటీ సమావేశం, మావో దేశాధ్యక్ష పదవి వదులుకోవడాన్ని ఆమోదించింది. పార్టీ చైర్మన్ పదవి మాత్రం ఆయనదే. 1959లో లియు షావోచీ దేశాధ్యక్షుడయ్యాడు. 1961లో బ్రిటిష్ ఫీల్డ్ మార్షల్ మాంట్‌గోమరీ వచ్చి, మీ తర్వాత ఎవరు అని సూటిగా అడిగితే, లియు షావోచీ అని మావో సూటిగానే చెప్పాడు. ఆ మాట చెప్పింది వుహాన్‌లోనే. అవి గ్రేట్ లీప్, అంటే ఉత్పత్తిని ఒక్క గెంతులో పెంచాలన్న మావో కార్యక్రమం, తెచ్చిపెట్టిన కరువు రోజులు. చనిపోయినవారి అంచనాలు కోటిన్నర నుంచి నాలుగున్నర కోట్ల దాకా ఉన్నాయి. ఈ విపత్తులో ప్రకృతి వాటా కంటే మనుషుల వాటా ఎక్కువని 1962 జనవరిలో పార్టీ పెద్ద సభలో అన్నవాడు ఆ వారసుడే. మావో అది మర్చిపోలేదు.

1966 జులై 16న మావో వుహాన్ దగ్గర యాంగ్జీలో ఈదాడు. వయసు 72. చాలా నెలలుగా జనం ముందుకు రాలేదు, ఆరోగ్యం బాగోలేదని బయటి దేశాల్లో పుకార్లు నడుస్తున్నాయి. అధికారిక వార్త ప్రకారం 65 నిమిషాల్లో దాదాపు 15 కిలోమీటర్లు. లెక్క వేస్తే ఒలింపిక్ ఈతగాళ్ల వేగానికి రెట్టింపు. అబద్ధం కాకపోవచ్చు, వర్షాకాలపు యాంగ్జీ ప్రవాహం అలా ఉంటుంది. ఈదిన వాటా కంటే నది మోసిన వాటా ఎక్కువ. ఇప్పటికీ ఏటా అదే తేదీకి వుహాన్‌లో నదిని ఈదే పండుగ చేస్తారు. ఒడ్డున నిలబడి చూశాను. నీళ్లలో దిగినవాళ్లు ఎంత దూరం కొట్టుకుపోతారో చూస్తే ఆ 15 కిలోమీటర్లు నమ్మబుద్ధవుతుంది. ఎవరో నా పక్కన నవ్వుతూ ఫొటోలు తీసుకుంటున్నారు. నాకు మాత్రం అది ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌లా కనిపించింది, మనిషి ఇంకా బలంగానే ఉన్నాడని దేశానికంతా చూపించిన సర్టిఫికెట్. రెండు రోజులకు ఆయన బీజింగ్ చేరాడు. ఆగస్టు 5న ‘ప్రధాన కార్యాలయం మీద బాంబులు వేయండి’ అని తన పెద్దక్షరాల పోస్టర్ రాశాడు. ఆ కార్యాలయం అంటే లియు షావోచీ.

లియు అంతం గురించి నెమ్మదిగా చెప్పాలి. ఆయనకు షుగరు ఉంది, న్యుమోనియా తిరగబెట్టింది, ముక్కు గొట్టంతో ఆహారం ఇచ్చారు. 1969 అక్టోబర్లో బీజింగ్ నుంచి కైఫెంగ్‌కు తరలించారు. నవంబర్ 12న అక్కడే చనిపోయాడు. దహనానికి రాసిన కాగితంలో పేరు లియు వైహువాంగ్, వృత్తి దగ్గర నిరుద్యోగి. నిన్నటిదాకా దేశాధ్యక్షుడు! నేను ఎన్నో మరణ ధ్రువపత్రాల మీద సంతకం చేశాను. పేరు, వృత్తి గడులు నింపేటప్పుడు ఈ కాగితం గుర్తొస్తుంది. ఆ గడులు నింపిన వాడికి తను ఎవరి గురించి రాస్తున్నాడో తెలుసా, తెలియదా అన్నదే నా ప్రశ్న.

అప్పటికే కొత్త వారసుడు తయారు. 1969 ఏప్రిల్‌లో పార్టీ నియమావళిలోనే లిన్ బియావో పేరు వారసుడిగా రాశారు. పెట్టెలో దాచలేదు, అచ్చు వేశారు. లిన్ పెద్ద రోగి. ఎండ పడదు, గాలి పడదు, నీళ్ల చప్పుడు వింటేనే బాధ. 1971 ఆగస్టులో మావో రైల్లో దక్షిణాదికి బయల్దేరి మొదట వుహాన్‌లో ఆగాడు, అక్కడి అధికారులతో లిన్ మీద అనుమానాలు మొదలుపెట్టాడు. సెప్టెంబర్ 13న లిన్ ఎక్కిన విమానం మంగోలియాలో కూలింది. శవాలను తవ్వి తీసి పరీక్షించింది సోవియట్ నిపుణులు. లిన్ పూర్వం మాస్కోలో వైద్యం చేయించుకున్నాడు, ఊపిరితిత్తుల్లో పాత క్షయ మచ్చ ఆ రికార్డులతో సరిపోయిందని చాలా ఏళ్లకు బయటపడింది. పార్టీ నియమావళిలో పేరున్న వారసుణ్ణి గుర్తు పట్టడానికి చివరికి పరాయి దేశపు కేస్ షీటే ఆధారమైంది.

1972లో ఇద్దరు రోగులు దేశం నడిపారు. జనవరిలో మావోకి గుండె జబ్బు తీవ్రమైంది. ఫిబ్రవరి 21న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ వచ్చేసరికి అత్యవసర వైద్య సామగ్రి పక్కనే సిద్ధంగా పెట్టుకున్నారని ఆయన వ్యక్తిగత డాక్టర్ తర్వాత రాశాడు. అదే ఏడు మే నెలలో ప్రధాని చౌ ఎన్‌లైకి మూత్రాశయ క్యాన్సర్ బయటపడింది. తొందరగా పట్టుకున్న క్యాన్సర్. మా భాషలో అది అదృష్టం. కానీ అగ్రనాయకుల చికిత్సకు మావో అనుమతి కావాలి. గుట్టుగా ఉంచండి, రోగికి చెప్పకండి, ఆపరేషన్ వద్దు అన్న ఆదేశాలు వచ్చాయని ఆయన్ని చూసిన డాక్టర్లు తర్వాత చెప్పారు. మొదటి పెద్ద ఆపరేషన్ 1974 జూన్‌లో జరిగింది. రెండేళ్లు! మావో ఉద్దేశం ఏమిటన్న దానిపై ఇంకా వాదోపవాదాలున్నాయి. అప్పట్లో క్యాన్సర్ ఆపరేషన్ల మీద అందరికీ నమ్మకం లేదనే వాదన ఒకటి. నాకు మింగుడుపడదు. తనకంటే వెనక పోవాల్సిన ప్రధానిని బతికించుకోవడం మావోకి అంత ముఖ్యం అనిపించలేదనే నా అనుమానం. 1976 జనవరి 8న చౌ పోయాడు. ఏప్రిల్‌లో ఆయన్ను తలుచుకోవడానికి బీజింగ్ నడిబొడ్డున ఉన్న తియానన్‌మెన్ కూడలికి వచ్చిన జనాన్ని చెదరగొట్టి, ఆ నెపంతో ఉప ప్రధాని డెంగ్ జియావోపింగ్‌ను దించేశారు.

ఆ ఏప్రిల్ నాటికి మావో మాట ఎవరికీ అర్థమయ్యేది కాదు. నరాలు, కండరాలు క్షీణించే జబ్బు. గొణిగినది ఒకరిద్దరు ఆడవాళ్లు విని చెప్పాలి, లేదా ఆయన కాగితం మీద గీకాలి. ఏప్రిల్ 30న కొత్త ప్రధాని హువా గువోఫెంగ్‌కు అలాంటి చీటీ ఒకటి ఇచ్చాడు: నువ్వు చూసుకుంటే నాకు నిశ్చింత. ఒక పనికి సంబంధించి అన్నాడా, దేశానికా? సెప్టెంబర్ 9న మావో పోయాక ఆ చీటీయే పట్టాభిషేకం అయింది, దాని మీద బొమ్మలు గీసి ఊరూరా అతికించారు. అక్టోబర్ 6న మావో భార్య జియాంగ్ చింగ్‌తో సహా నలుగురి ముఠా అరెస్టయింది. చీటీ బలం మూడేళ్లు కూడా నిలవలేదు. 1978 డిసెంబర్ నుంచి పగ్గాలు డెంగ్ చేతికి వచ్చాయి.

డెంగ్‌కు ఈ జబ్బు ఏమిటో తెలుసు. చనిపోయేదాకా పదవుల్లో ఉండే అలవాటును 1980 ఆగస్టు ప్రసంగంలో తప్పుపట్టాడు. 1982 రాజ్యాంగంలో దేశాధ్యక్షుడికి వరసగా రెండు పదవీకాలాల పరిమితి పెట్టించాడు. రాసిచ్చిన మందు తను మాత్రం మింగలేదు. పార్టీ నాయకుడిగా తనే తెచ్చిన హు యావోబాంగ్‌ను 1987లో దించాడు. ఆ హు 1989 ఏప్రిల్ 8న పొలిట్‌బ్యూరో సమావేశంలోనే గుండెపోటుకు గురై, 15న చనిపోయాడు. సంతాపం తెలపడానికి వచ్చిన విద్యార్థులు తియానన్‌మెన్‌లో ఉండిపోయారు. జూన్ 4న సైన్యం బీజింగ్‌లో కాల్పులు జరిపింది, మృతుల సంఖ్య ఈనాటికీ తేలలేదు. కాల్పులకు ఒప్పుకోని అప్పటి పార్టీ ప్రధాన కార్యదర్శి జావో జియాంగ్ 2005లో చనిపోయేదాకా గృహ నిర్బంధంలోనే ఉన్నాడు. మా క్లాసులో చైనా విద్యార్థులు మావో ఈత గురించి హాయిగా మాట్లాడేవారు. 1989 ప్రస్తావన వస్తే క్యాంటీన్ మెనూ గురించి మాట్లాడేవారు.

డెంగ్ పార్టీ సైనిక కమిషన్ పదవిని 1989 నవంబర్లో వదిలేశాడు. తర్వాత ఆయనకు మిగిలిన ఘనమైన హోదా బ్రిడ్జ్ ఆటగాళ్ల సంఘం గౌరవాధ్యక్షత. అయినా 1992 జనవరి 18న 87 ఏళ్ల ఆ ముసలాయన వూచాంగ్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నడుస్తూ, సమావేశాలు ఎక్కువ, పని తక్కువ అని వుహాన్ ఉన్న హుబెయ్ రాష్ట్రపు అధికారులను కడిగేసి, అక్కడి నుంచి షెన్‌జెన్ వెళ్లి సంస్కరణల బండిని మళ్లీ కదిలించాడు. 1997 ఫిబ్రవరిలో పార్కిన్సన్స్‌తో పోయేవరకూ ఆయన ఆరోగ్యం మీద పుకారు పుడితే చాలు, హాంకాంగ్ షేర్లు వణికేవి.

తైవాన్ సంగతి వదిలేస్తే ఈ కథ అన్యాయమవుతుంది. 1949లో కమ్యూనిస్టుల చేతిలో ఓడి అక్కడికి చేరిన చియాంగ్ కైషేక్ 1975లో పోయాడు, అధికారం కొడుకు చియాంగ్ చింగ్‌కువోకు వచ్చింది. అచ్చం రాజవంశం. ఈ కొడుక్కి తీవ్రమైన షుగరు, చూపు తగ్గింది, చివరి ఏళ్లలో చక్రాల కుర్చీ. చాలామంది పాలకులు ఇలాంటి దశలో పిడికిలి ఇంకా బిగిస్తారు. ఈయన తన కుటుంబంలో ఎవరూ తర్వాతి నాయకులు కారని బహిరంగంగా అన్నాడు, 1987 జులైలో 38 ఏళ్ల మార్షల్ లా ఎత్తేశాడు. ఆరు నెలలకు, 1988 జనవరిలో చనిపోయాడు. 1996లో అక్కడ జనం నేరుగా అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నారు. పురిటినొప్పుల్లాంటి ఒత్తిడి ఎన్నో వైపుల నుంచి ఉంది, నిజమే. కానీ తన రిపోర్టులు చదువుకుని దానికి తగ్గట్టు నడుచుకున్న పాలకుడు నాకు ఈ చరిత్రలో ఈయన ఒక్కడే కనిపించాడు.

ప్రధాన భూభాగంలో డెంగ్ మందు కొన్నాళ్లు పనిచేసింది. 2002లో జియాంగ్ జెమిన్ నుంచి హు జింటావోకు, 2012లో హు నుంచి షీ జిన్‌పింగ్‌కు అధికారం చేతులు మారింది, ఎవరూ చావకుండా, జైలుకు పోకుండా. జియాంగ్ సైనిక కమిషన్ పదవిని మరో రెండేళ్లు పట్టుకు వేలాడాడు, అది వేరే. 2011 జులైలో జియాంగ్ చనిపోయాడని ఒక హాంకాంగ్ టీవీ చానల్ వార్త చదివేసింది. ఆయన అక్టోబర్ 9న, సరిగ్గా వూచాంగ్ తిరుగుబాటు శతాబ్ది సభలో, వేదిక మీద కనిపించాడు. 2012 సెప్టెంబర్లో జిన్‌పింగ్ రెండు వారాలు మాయమైపోయాడు, హిల్లరీ క్లింటన్‌తో భేటీ కూడా రద్దయింది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేదు.

2018 మార్చి 11న రాజ్యాంగంలోని రెండు పదవీకాలాల పరిమితిని తీసేశారు. అనుకూలం 2,958, వ్యతిరేకం 2. యువాన్ కాలంతో పోలిస్తే ఇద్దరు ఎక్కువే. నెలన్నర తర్వాత మోదీని జిన్‌పింగ్ వుహాన్‌లో ఈస్ట్ లేక్ ఒడ్డున కలిశాడు. 2022 అక్టోబర్ 22న మహాసభ చివరి రోజు కెమెరాల ముందే హు జింటావోను పక్క సీట్లోంచి లేపి తీసుకెళ్లారు. ఒంట్లో బాగోలేదని ప్రభుత్వ వార్తాసంస్థ షిన్‌హువా చెప్పింది. నిజమే అయ్యుండొచ్చు. నూట పదేళ్ల ఈ కేస్ షీట్లు చదివాక అది ఎవరు నమ్ముతారు?

కొందరు మిత్రులు జిన్‌పింగ్ వీడియోలు పంపి, నడకలో తేడా ఉంది చూశావా, చెయ్యి వణుకుతోంది చూశావా, డాక్టరువి కదా చెప్పు అంటారు. వీడియో చూసి రోగ నిర్ధారణ చేయను. చూడాల్సింది అది కాదు కూడా. హు జింటావో, జిన్‌పింగ్ ఇద్దరూ పైకి రాకముందు కేంద్ర సైనిక కమిషన్ ఉపాధ్యక్షులయ్యారు. యూనిఫాం లేని మనిషి ఆ కుర్చీలోకి వస్తే వారసుడు వచ్చాడని అర్థం. 2022 మహాసభ ముగిసేసరికి ఉపాధ్యక్షులు ఇద్దరూ జనరల్సే. తర్వాతి మహాసభ 2027లో. ఆ జాబితా వచ్చిన రోజు నాకు వీడియోలు కాదు, ఆ పేర్లు పంపండి.